లాంగ్ వీకెండ్ వస్తోందా? వరంగల్ నుంచి ట్రిప్ ఎలా ప్లాన్ చేసుకోవాలి

"వరుసగా మూడు రోజులు సెలవులొస్తున్నయి, ఎటు పోదాం చెప్పు" అని ప్రతి పండగ ముందూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అదీ గురువారం రాత్రి అడుగుతారు. అప్పటికి రైళ్లన్నీ వెయిటింగ్ లిస్టు, లక్నవరం చెరువు దగ్గర గదులు ఖాళీ ఉండవు, తెలిసిన కారు డ్రైవర్ ఇంకొకరికి మాటిచ్చేసి ఉంటాడు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే బదులు ఒకేసారి వివరంగా రాస్తున్నాను. ఇది ముఖ్యంగా వరంగల్, హన్మకొండ, కాజీపేట వాళ్ల కోసం. ములుగు, భూపాలపల్లి, జనగామ వాళ్లకూ చాలావరకు పనికొస్తుంది.

ఎక్కడికి వెళ్లాలన్నది ఆఖరున తేల్చండి. ముందు తేలాల్సినవి రెండు: ఇంట్లో ఎవరికి ఏ రోజు సెలవు, ఆ రోజుల్లో జనం ఎటు కదులుతారు. మనకు ఇంకో తిరకాసు కూడా ఉంది. మనం బయటికి పోదామనుకునే రోజే హైదరాబాద్ సగం కార్లేసుకుని మనవైపు వస్తుంది. రామప్ప గుడి, లక్నవరం, బొగత జలపాతం మనకు పక్కనే కదా అని తీరిగ్గా పదకొండింటికి చేరితే కారు పెట్టే చోటు కూడా దొరకదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- రాష్ట్ర ప్రభుత్వం ఏటా ఇచ్చే సెలవుల జీవో. ఇందులో సాధారణ సెలవులు, ఆప్షనల్ సెలవులు రెండూ వేర్వేరు జాబితాలుగా ఉంటాయి. రెండూ చూడండి.
- ఇంట్లో బ్యాంకు ఉద్యోగి ఉంటే బ్యాంకు సెలవుల జాబితా, ప్రైవేటు ఉద్యోగి ఉంటే వాళ్ల కంపెనీ జాబితా. పిల్లల స్కూలు క్యాలెండర్.
- ఆధార్ ధ్రువీకరణ పూర్తయిన ఐఆర్‌సీటీసీ ఖాతా.
- గోడ క్యాలెండర్, రెండు రంగుల పెన్నులు. ఫోన్‌లో చేసినా తప్పు లేదు కానీ గోడ మీద ఉంటేనే ఇంట్లో అందరి కంటా పడుతుంది.

1. ఎవరి సెలవులు వాళ్లవి, ముందు గళ్లు గీయండి

ఒక కాగితం మీద అడ్డంగా తేదీలు, నిలువుగా ఇంట్లో వాళ్ల పేర్లు రాయండి. సెలవున్న గడిలో టిక్కు, లేని గడిలో ఇంటూ పెట్టండి. చిన్నపిల్లల పనిలా ఉంటుంది గానీ సగం గొడవలు ఇక్కడే తేలిపోతాయి.

ఉదాహరణకు 2026 అక్టోబరు 2 చూడండి. గాంధీ జయంతి, శుక్రవారం. వెనకే శని, ఆదివారాలు. క్యాలెండర్ చూడగానే మూడు రోజులు అనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో చేసే తమ్ముడికి నిజంగానే మూడు రోజులు. కానీ 3వ తేదీ మొదటి శనివారం. బ్యాంకులకు రెండో, నాలుగో శనివారాలే సెలవు, ప్రభుత్వ ఆఫీసులకు రెండో శనివారమే. అంటే బ్యాంకులో చేసే అక్కకూ కలెక్టరేట్‌లో పనిచేసే బావకూ నడుమ ఒక పనిదినం పడింది. ఇద్దరూ ఆ ఒక్క రోజు లీవ్ పెట్టగలిగితేనే అది లాంగ్ వీకెండ్, లేకపోతే కాదు.

అదే ఏడాది డిసెంబరు 25 కూడా శుక్రవారమే. ఈసారి 26 నాలుగో శనివారం కాబట్టి బ్యాంకులకు సెలవు. క్రిస్మస్ మర్నాడు మన రాష్ట్రంలో ప్రభుత్వ సెలవు ఇస్తారు కాబట్టి ఆఫీసులకూ సెలవే. 27 ఆదివారం. ఎవరూ లీవ్ పెట్టక్కర్లేని మూడు రోజులంటే ఇవీ. ఇలాంటివి ఏడాదికి మూడో నాలుగో దొరుకుతాయి, వాటికి ముందే పెన్నుతో చుట్టు గీసి పెట్టుకోండి.

ఈ గళ్లు నింపేటప్పుడు జాగ్రత్తగా చూడాల్సినవి:

కొన్నేళ్లు జనవరి 1న సెలవిచ్చి, దానికి బదులుగా ఫిబ్రవరి రెండో శనివారాన్ని పనిదినం చేశారు, జీవోలో చూసుకోండి. చూడకుండా ఆ శనివారం ఖాళీ అనుకుని టికెట్లు కొనకండి.

రంజాన్, బక్రీద్, మొహర్రం తేదీలు నెలవంకను బట్టి ఒక రోజు అటూ ఇటూ అవుతాయి. వీటిని ఆనుకుని ప్లాన్ చేస్తే డబ్బు తిరిగి రాని బుకింగ్ ఏదీ పెట్టుకోవద్దు.

రెండు సెలవులు ఒకే రోజు పడితే ఒకటి పోయినట్టే. 2025లో దసరా, గాంధీ జయంతి రెండూ అక్టోబరు 2నే వచ్చాయి. ఒక సెలవు పోవడం అటుంచి, దసరా నాడు మటన్, మందు దుకాణాలు బంద్ కావడం మన జిల్లాల్లో ఎంత పెద్ద చర్చ అయిందో గుర్తుండే ఉంటుంది.

2. ఒక్క లీవ్‌తో ఎన్ని రోజులు వస్తాయో చూడండి

సెలవు మంగళవారమో గురువారమో పడ్డ చోట వెతకండి. 2027 జనవరి 26 మంగళవారం. సోమవారం ఒక్కటి లీవ్ పెడితే, శనివారం సెలవున్న వాళ్లకు నాలుగు రోజులు. 23వ తేదీ నాలుగో శనివారం కాబట్టి బ్యాంకు వాళ్లకూ నాలుగే. టీచర్లకు మాత్రం మూడు.

ప్రభుత్వ ఉద్యోగులైతే సీఎల్ (క్యాజువల్ లీవ్) కన్నా ముందు ఓహెచ్ (ఆప్షనల్ సెలవు) వాడుకోండి. ఏడాదికి ఐదు ఆప్షనల్ సెలవులు వాడుకోవచ్చు, చాలామంది అవి ఉన్నాయనే మర్చిపోయి డిసెంబరులో నాలుక కరుచుకుంటారు. ఓహెచ్ కోసం ముందే దరఖాస్తు పెట్టాలి. సీఎల్‌కు ముందూ వెనకా ఆదివారాలు, సెలవులు కలుపుకోవచ్చు గానీ అంతా కలిపి పది రోజులు దాటకూడదు. ఊరు దాటి వెళ్తుంటే హెడ్‌క్వార్టర్ పర్మిషన్ కూడా రాయించుకోండి.

ప్రైవేటులో చేసేవాళ్లు శాండ్‌విచ్ లీవ్ గురించి హెచ్‌ఆర్‌ను అడగాలి. శుక్రవారం, సోమవారం లీవ్ పెడితే నడుమ ఉన్న శని, ఆదివారాలు కూడా లీవ్ కింద లెక్కగట్టే కంపెనీలున్నాయి. ఈ సంగతి జీతం పడ్డాక తెలిస్తే ట్రిప్ సంతోషమంతా ఎగిరిపోతుంది.

సింగరేణి వాళ్లు షిఫ్టు మారే వారం చూసుకోవాలి. శనివారం నైట్ షిఫ్టు దిగి ఆదివారం పొద్దున్నే స్టీరింగ్ పట్టుకోవడం మాత్రం వద్దు. ఆ రోజు ఇంకెవరైనా నడపాలి, లేదా పడుకుని మధ్యాహ్నం బయల్దేరాలి.

3. ఊరు కదలకూడని రోజులు కొట్టేయండి

క్యాలెండర్‌లో సెలవుంది కదా అని సద్దుల బతుకమ్మ రోజుకు ఊటీ టికెట్లు కొంటే ఇంట్లో ఆడవాళ్లు రారు, వచ్చినా దారంతా పద్మాక్షి గుట్ట ముచ్చటే. దసరా నాడు జమ్మి పెట్టి పెద్దవాళ్ల కాళ్లు మొక్కాలి, సాయంత్రం ఉర్సు గుట్ట దగ్గర రావణవధ చూడాలి. కాబట్టి దసరా సెలవుల్లో వెళ్లాలంటే పండగ మర్నాడు బయల్దేరండి. స్కూళ్లకు ఇంకా సెలవులుంటే జనం పండగ మత్తులో ఉన్న ఆ రెండు మూడు రోజులే రోడ్లు ఖాళీగా ఉంటాయి. 2026లో విజయదశమి అక్టోబరు 20, మంగళవారం. అంటే 21 నుంచి చూసుకోవాలి.

అలాగే మేడారం జాతర ఏడాదైతే మాఘ పౌర్ణమికి ముందు నాలుగైదు వారాలు ములుగు, పస్రా, తాడ్వాయి వైపు విహారానికి పోవద్దు. జాతర నాలుగు రోజులే అయినా ముందస్తు మొక్కులకు వచ్చే జనంతో ఆదివారాల్లో ఆ రోడ్డు కిక్కిరిసిపోతుంది. 2026లో అయిపోయింది, మళ్లీ 2028లో. మొక్కు ఉంటే సరే, అది వేరే సంగతి.

4. ప్రయాణం ఎన్ని గంటలో ముందే గీత గీసుకోండి

నేను పాటించే లెక్క ఇది. ఒక్క రోజైతే ఒకవైపు రెండున్నర గంటలు దాటొద్దు. రెండు రోజులైతే ఐదు గంటలు. మూడు రోజులుంటేనే రాత్రి రైలు గురించి ఆలోచించండి. మూడు రోజుల్లో అరకు, గోవా, తిరుపతి ముగించేస్తామనేవాళ్లు ఉంటారు, వాళ్లు సోమవారం ఆఫీసులో కునికిపాట్లు పడుతుంటారు.

5. ఇప్పుడు చోటు ఎంచుకోండి

ఒక్క రోజే ఉంటే రామప్ప, లక్నవరం జంట బాగుంటుంది, టైమ్ పాటిస్తేనే. హన్మకొండలో పొద్దున ఐదున్నరకు బయల్దేరండి. ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్ రోడ్డు దగ్గర ఎడమకు తిరిగితే రామప్ప. ఏడున్నర లోపు గుడి దగ్గరుండాలి. గుడి తూర్పుముఖం కాబట్టి పొద్దుటి ఎండ ఏటవాలుగా నేరుగా ముందు భాగం మీద పడుతుంది. చూరు కింద స్తంభాలకు ఆనించిన నల్లరాతి మదనికల (స్త్రీ శిల్పాల) మెడలో హారాలు, కాలి గజ్జెలు, ఒకామె ఎత్తుమడమల చెప్పులు కూడా ఆ వెలుగులో విడివిడిగా కనబడతాయి. పన్నెండింటికి అదే రాయి నల్లటి ముద్దలా ఉంటుంది, కింద బండలు అరికాళ్లు కాలుస్తాయి. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి సెలవు రోజుల్లో తాకిడి బాగా పెరిగింది. హైదరాబాద్ నుంచి తెల్లవారుజామున బయల్దేరిన కార్లు పది, పదకొండు ప్రాంతంలో దిగుతాయి. మీరు తొమ్మిదిన్నరకే గుడి చూసేసి లక్నవరం దారి పట్టాలి. అక్కడా వేలాడే వంతెన ముందు ఎక్కండి, తిండి తర్వాత.

లక్నవరంలో రాత్రి ఉండాలంటే టూరిజం కాటేజీలు ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. వెళ్లి అడిగితే దొరుకుతాయన్నది మామూలు మంగళవారం నాటి మాట. గది దొరక్కపోతే లాంగ్ వీకెండ్ మొదటి రోజు వదిలేసి చివరి రోజు మధ్యాహ్నం వెళ్లండి. హైదరాబాద్ వాళ్లు అప్పటికే తిరుగుముఖం పట్టి ఉంటారు. మన ఇల్లు గంటన్నర, రెండు గంటల దూరమే. దగ్గర్లో ఉన్నందుకు మనకు దక్కే లాభం ఇదొక్కటే, వాడుకోండి.

బొగత జలపాతం 130 కిలోమీటర్ల పైనే, ఏటూరునాగారం దగ్గర గోదావరి వంతెన దాటి వాజేడు వైపు వెళ్లాలి. జులై నుంచి సెప్టెంబరు దాకా బాగుంటుంది. బోనాల సెలవు కొన్నేళ్లుగా సోమవారమే ఇస్తున్నారు, దానికి ముందు రెండో శనివారం పడితే బొగతకు అంతకన్నా మంచి అదను లేదు. కానీ వరద ఎక్కువైతే అటవీ శాఖ వాళ్లు సందర్శన ఆపేస్తారు. ముందు రోజు రాత్రి, బయల్దేరే పొద్దున రెండుసార్లు వార్తలు చూడండి. నీళ్లలోకి దిగొద్దని బోర్డు పెట్టిన చోట దిగొద్దు. పైన ఎక్కడో కురిసిన వాన ఇక్కడ ఎండ కాస్తుండగానే వరదై వచ్చేస్తుంది.

జనం వద్దనుకుంటే పాకాల. నర్సంపేట దాటాక అడవిలో కాకతీయుల నాటి చెరువు, హన్మకొండ నుంచి దాదాపు 50 కిలోమీటర్లు. హడావుడి ఉండదు, హోటళ్లు కూడా పెద్దగా ఉండవు, కాబట్టి సద్ది కట్టుకుని వెళ్లాలి. రేగొండ దగ్గరి పాండవుల గుట్టల్లో ఆదిమానవుల నాటి రాతి బొమ్మలు చూడొచ్చు, మోకాళ్ల నొప్పులున్న వాళ్లను తీసుకెళ్లొద్దు. కాళేశ్వరం పరకాల, భూపాలపల్లి మీదుగా ఒక్క రోజులో అయిపోతుంది. ఆ దారిలో లారీలు ఎక్కువ, చీకటి పడకముందే వెనక్కి రండి. కార్తీక మాసం సోమవారాల్లో మాత్రం దర్శనానికే పూట పడుతుంది.

రెండు రోజులుంటే కరీంనగర్, నిర్మల్ మీదుగా కుంటాల, పొచ్చెర జలపాతాలు, నిర్మల్‌లో రాత్రి బస. భద్రాచలం కూడా ఈ లెక్కలోకే వస్తుంది, శ్రీరామనవమి వారం తప్ప.

6. రైలు టికెట్లు: తారీఖులు ఇలా లెక్కేయండి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. 2024 నవంబరు 1 నుంచి రిజర్వేషన్ 120 రోజులకు బదులు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, ప్రయాణం రోజును లెక్కలోకి తీసుకోరు. 2026 అక్టోబరు 1, గురువారం రాత్రి రైలెక్కాలంటే టికెట్లు ఆగస్టు 2 ఉదయం 8 గంటలకు వస్తాయి. అక్టోబరు 4న తిరుగు ప్రయాణమైతే దాని టికెట్లు ఆగస్టు 5న. వెళ్లే టికెట్ దొరికిన ఆనందంలో తిరుగు టికెట్ తారీఖు మర్చిపోవడం సర్వసాధారణం. రెండూ ఫోన్‌లో అలారంగా పెట్టుకోండి, 7:45కి.

మనకు ఇంకో మెలిక ఉంది. వరంగల్ చాలా రైళ్లకు నడుమ స్టేషన్. అర్ధరాత్రి దాటాక ఇక్కడికి వచ్చే రైలు బయల్దేరింది ముందు రోజు కావచ్చు. 60 రోజుల లెక్క రైలు బయల్దేరే రోజును బట్టే ఉంటుంది, అంటే మీరనుకున్న దానికన్నా ఒక రోజు ముందే తెరుచుకుంటుంది. తత్కాల్‌కూ ఇదే సూత్రం: ముందు రోజు ఏసీకి 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు.

వరంగల్ నుంచి టికెట్ లేదని చూపిస్తే సికింద్రాబాద్ నుంచి వెతికి, బోర్డింగ్ మాత్రం వరంగల్ అని పెట్టండి. కొంచెం డబ్బు ఎక్కువవుతుంది, బెర్తు దొరికే అవకాశమూ పెరుగుతుంది. బోర్డింగ్ మార్చడం మర్చిపోతే సికింద్రాబాద్‌లో ఎక్కలేదని మీ బెర్తు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

వరంగలా కాజీపేటా అన్నది టికెట్ మీద రెండుసార్లు చదవండి. హైదరాబాద్ నుంచి రామగుండం, మంచిర్యాల మీదుగా ఢిల్లీ వెళ్లే రైళ్లు కాజీపేటలోనే మలుపు తిరుగుతాయి, వరంగల్ స్టేషన్‌కు రావు. విజయవాడ నుంచి ఢిల్లీ వైపు వెళ్లే కొన్ని వరంగల్‌లో ఆగి కాజీపేటలో ఆగవు. రెండు స్టేషన్ల మధ్య దాదాపు 10 కిలోమీటర్లు, పండగ ట్రాఫిక్‌లో ఆటో మీద ఆ దూరాన్ని నమ్ముకోకూడదు.

చార్టు తయారయ్యాక కూడా వెయిటింగ్ లిస్టులోనే ఉన్న ఆన్‌లైన్ టికెట్ దానంతటదే రద్దయిపోతుంది, దానితో రిజర్వేషన్ బోగీ ఎక్కలేరు. ఆర్ఏసీ అయితే ఎక్కొచ్చు, సగం బెర్తు మీద కూర్చోవాలి. పిల్లలూ ముసలివాళ్లూ ఉంటే ఆర్ఏసీతో సాహసం చేయొద్దు.

7. బస్సు, కారు

పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం, ఆధార్ ఉంటే చాలు. ఖర్చు కలిసొస్తుంది, కానీ వరుస సెలవుల్లో హన్మకొండ బస్టాండ్ నుంచి ములుగు వైపు నిలబడటానికి కూడా చోటుండదు. రిజర్వేషన్ ఉన్న సూపర్ లగ్జరీ చూడండి. పండగలకు వేసే స్పెషల్ బస్సుల్లో మామూలు చార్జీకి సగం దాకా అదనంగా తీసుకుంటారు, బడ్జెట్‌లో రాసుకోండి.

కారు మాట్లాడితే కిలోమీటరుకు ఎంత, రోజుకు కనీసం ఎన్ని కిలోమీటర్లు, డ్రైవర్ బత్తా ఎంత, టోల్ ఎవరిది అన్న నాలుగూ వాట్సాప్‌లో రాయించుకోండి. నోటిమాట మీద వెళ్తే దిగేటప్పుడు పేచీ వస్తుంది. ములుగు వైపు వెళ్లేవాళ్లు ములుగులోనే ట్యాంక్ నింపి, చేతిలో కొంత నగదు ఉంచుకోండి. తాడ్వాయి దాటాక సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, ఫోన్‌పే మీదే ఆధారపడొద్దు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

తిండికి సర్వపిండి ఒక రోజుకు, సకినాలు ఎన్ని రోజులకైనా. కోతులకు కనబడేలా సంచి పెట్టొద్దు.

అంతా కుదిరిందా అని చూసుకునే పద్ధతి

బయల్దేరడానికి వారం ముందు ఒక కాగితం మీద ఇంటికి తిరిగి చేరే టైమ్ రాయండి. అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రండి: చేరేది ఎన్నింటికి, అక్కడ బయల్దేరేది ఎన్నింటికి, తిండికి ఎంత, దారిలో ఆగేది ఎంత. చివరి రోజు సాయంత్రం ఏడు లోపు ఇంట్లో ఉండేలా లెక్క రాకపోతే ఒక చోటు తీసేయండి. తిరగడం తగ్గించండి, నిద్ర తగ్గించకండి. పిల్లల్ని మళ్లీ హైదరాబాద్ హాస్టల్లో దింపాల్సిన వాళ్లు ఇంకా ముందే తేల్చుకోవాలి, ఆదివారం సాయంత్రం ఘట్‌కేసర్ నుంచి ఉప్పల్ దాకా పాకుతూ పోవాలి. వాళ్లను సోమవారం తెల్లవారుజామున పంపడమే మేలు.

రెండు రోజుల ముందు హోటల్‌కు ఫోన్ చేసి మీ పేరు, తేదీ, గదులెన్ని అన్నది వాళ్లతోనే చెప్పించండి. మీరు చెప్పి వాళ్లు "ఆఁ ఆఁ" అంటే అది ఖరారు కాదు. ఫాస్టాగ్ బ్యాలెన్స్ చూడండి. పీఎన్ఆర్ చూడండి. ఇల్లు రెండు మూడు రోజులు తాళం వేసి ఉంటుందని పోలీస్ స్టేషన్‌లో చెప్పండి, పండగలప్పుడు వాళ్లే చెప్పమని అడుగుతారు.

బయల్దేరే పొద్దున బొగత మూసేశారనో, రైలు ఖరారు కాలేదనో తెలిస్తే ఇంట్లో మొహాలు వేలాడేసుకుని కూర్చోకుండా పక్క ప్లాన్ ఒకటి ఉండాలి. సద్ది ఎలాగూ కట్టారు కాబట్టి పాకాలకు పోవచ్చు. వాన మరీ ఎక్కువైతే అదీ వద్దు, ఇంట్లోనే మక్క గారెలు వేసుకుని, టికెట్ డబ్బు ఖాతాలో పడిందో లేదో నాలుగు రోజులాగి చూసుకోండి.